మా తమ్ముడి బిట్టరు పద్దు

బీరు అన్న మాట మన ఇళ్ళలో నలుగురి మధ్య పలికే మాట కాదు. అటువంటి మాటను కుటుంబ పత్రికలోకి తెచ్చినందుకు పెద్దలు కోపగించుకోకుండా చివరిదాకా చదవమని మనవి. తాగమని చెప్పడానికి నేనిది వ్రాయడం లేదు. తాగుడు మీద ఉపన్యాసమూ కాదు. మన పిల్లలు ఉద్యోగాలకని దేశాలు పట్టి పోతున్నారు. అక్కడి తిండి, అక్కడి బట్ట, అక్కడి అలవాటు కొంత వాళ్ళకు అంటుకొంటుంది. అందులో ఏది మనం చూసి ఊరుకోదగ్గది, ఏది నిలదీసి అడగదగ్గది అనే చిక్కు ప్రతి ఇంటికీ ఒకనాటికి రాకపోదు. మా ఇంటికి అది ఒక పీపా రూపంలో వచ్చింది.

మా తమ్ముడు ఇంగ్లండులో, యార్క్‌షైరు ప్రాంతాన లీడ్సు నగరం దగ్గర ఉద్యోగం చేస్తూ పదమూడేళ్ళుగా కాపురమున్నాడు. కిందటేడు సెప్టెంబరులో నేనూ అమ్మా బెంగళూరు నుంచి వెళ్ళి వాడి దగ్గర అయిదు వారాలు ఉన్నాము. వెళ్ళిన రెండోనాడు అమ్మ బట్టలు ఆరవేయడానికి చోటు వెదుక్కొంటూ కారు షెడ్డులోకి వెళ్ళింది. అక్కడ ఒక పెద్ద స్టీలు డేగిసా, రాగి గొట్టపు చుట్ట, ఒక ప్లాస్టిక్కు పీపా, సంచీలో ధాన్యమూ కనబడ్డాయి.

"ఏందిరా ఇదంతా?" అని అడిగింది.

వాడు దాచలేదు. "ఇంట్లో బీరు కాచుకొంటానమ్మా. నాలుగేళ్ళయింది" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం సగంలో చేయి కడుక్కొని లేచిపోయింది.

మా అమ్మ పుట్టింది కోలారు బంగారు గనుల ఊళ్ళో. మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో దిగి పనిచేసినవాడు. జీతం రోజు సాయంకాలం అమ్మమ్మ ఆడపిల్లలిద్దరినీ సారా అంగడి దారిలో నిలబెట్టేదట, నాయన అటు మళ్ళకముందే చేయి పట్టుకొని ఇంటికి తీసుకొని రమ్మని. కొన్ని నెలలు దొరికేవాడు, కొన్ని నెలలు దొరికేవాడు కాదు. నలభై ఆరేళ్ళకే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మీదికి లేచారని పేపరులో చదివి వినిపిస్తే అమ్మ ఆ ముక్క కత్తిరించి దాచుకొంది. మరుసటి సంవత్సరం అక్టోబరులో ఆంధ్రలో సారా నిషేధం వచ్చినప్పుడూ, 2007 జూలైలో మన కర్ణాటకలో సారా అమ్మకం ఆగినప్పుడూ మా ఇంట్లో పాయసం వండారు. అమ్మ లెక్కలో తాగుడుకు రకాలు లేవు. సారా, బ్రాందీ, బీరు అన్నీ ఒకే అంగడి సరుకులు.

అటువంటి తల్లికీ, అటువంటి కొడుక్కూ మధ్య నేను కూర్చోవలసి వచ్చింది. తగవు తీర్చేవాడు ముందుగా ఫైలు చదవాలి కదా! ఆ వస్తువు ఏమిటో, ఎట్లా తయారవుతుందో తమ్ముణ్ణి అడిగి తెలుసుకొన్నాను.

వాడు కాచేదాన్ని బిట్టరు అంటారు. బిట్టరు అంటే చేదు. తయారుచేసేవాళ్ళు దానికి పేల్ ఏల్ అని పేరు పెట్టుకొంటే, తాగేవాళ్ళు నాలుకకు తోచిన పేరు పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో బర్టన్ అనే ఊరి నుంచి పేల్ ఏల్ పీపాలు ఓడలెక్కి మన మద్రాసుకూ కలకత్తాకూ బొంబాయికీ ఇక్కడి తెల్లవారి కోసం వచ్చేవి. ఆ వంశంలోదే ఈ బిట్టరు. మన హోటళ్ళలో మంచుగడ్డలా చల్లార్చి, బుసబుస పొంగుతూ ఇచ్చే బీరు వేరు, ఇది వేరు. ఇది రాగి రంగు. నురుగు తక్కువ, గ్యాసు తక్కువ. నేలమాళిగలో 12 డిగ్రీల చలువలో పీపాలోనే తుదిదాకా పులుస్తూ ఉంటుంది. పైన అంగట్లో చేతి పంపు పిడి లాగి గ్లాసులోకి తోడుతారు, మన వీధి బోరింగులాగే. పీపా తెరిచిన తరువాత మూడు నాలుగు రోజులకు రుచి పాడవుతుంది. అందుచేత ఆ తాజా రుచి సీసాలో ఇంటికి రాదు. ఫ్యాక్టరీ బీర్ల పోటీలో ఈ పద్ధతి అంతరించిపోతున్నదని 1971లో నలుగురు యువకులు ఒక ఉద్యమమే లేవదీశారు. అదే కామ్రా అనే సంస్థ, ఇప్పటికీ పనిచేస్తున్నది.

మా తమ్ముడికి నచ్చినది ల్యాండ్‌లార్డ్ అనే బిట్టరు. లీడ్సుకు పడమరగా కీత్లీ అనే ఊరున్నది. అక్కడ 1858 నుంచి తిమోతీ టేలర్ అనే కుటుంబపు కంపెనీ బీరు కాస్తున్నది. ల్యాండ్‌లార్డ్‌కు కామ్రావారి జాతీయ బహుమతి 1982, 1983, 1994, 1999 సంవత్సరాలలో నాలుగుమార్లు వచ్చింది. నోల్ స్ప్రింగ్ అనే తమ ఊటనీటితో, గోల్డెన్ ప్రామిస్ అనే రకం బార్లీతో వారు దాన్ని చేస్తారు. ఆ రుచిని తన షెడ్డులో తేవాలని వాడి పట్టుదల.

"దొంగతనంగా కాస్తున్నావా?" అన్నది నా మొదటి ప్రశ్న; గుమాస్తా ప్రశ్న. వాడు నవ్వి అక్కడి చట్టం చెప్పాడు. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు మీద పన్ను తీసివేసి బీరు మీద పన్ను వేసింది. ఆనాటి నుంచి ఇంట్లో కాచుకొనేవాళ్ళు కూడా లైసెన్సు పుచ్చుకోవలసి వచ్చింది. 1963లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ లైసెన్సు ఎత్తివేశాడు. ఇప్పుడు సొంతానికి ఎంతైనా కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఇక అంగడి బీర్ల రుచిని ఇంట్లో ఎట్లా తేవాలో చెప్పే పుస్తకాలు కూడా వచ్చాయి. డేవ్ లైన్ అనే ఆయన 1978లోనే ఒకటి వ్రాశాడు. మన దగ్గర సంగతి వేరు. కర్ణాటకలో 1965 ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కనుక నేను కింద వ్రాసే కొలతలు తెలుసుకోవడానికే గాని పొయ్యి మీదికి ఎక్కించడానికి కాదు.

మొదటి శనివారం వాడు పొయ్యి వెలిగించాడు. అమ్మ ముందు రానన్నది. తరువాత కుర్చీ లాక్కొని షెడ్డు గుమ్మంలో కూర్చుంది. "కానీ, చూస్తాను" అన్నది.

సంచీలోని గింజను అమ్మ రెండు వేళ్ళతో తీసి కొరికింది. కరకరలాడి తియ్యగా ఉంది. "ఇది మొలకగట్టి ఎండబెట్టిన గింజరా" అన్నది. అదే మాల్టు! బార్లీని నానబెట్టి, మొలక రానిచ్చి, ఆరబెట్టి, వేడిగాలిలో ఎండిస్తారు. రాగులను మొలకగట్టి, ఎండించి, వేయించి, పిండి పట్టించి మనం పసిబిడ్డలకు జావ కాచిపోయడం లేదా? ఆ ధర్మమే ఇది. మొలక వచ్చేటప్పుడు గింజలో ఒక పదార్థం పుడుతుంది. దానికి గింజలోని పిండిని చక్కెరగా మార్చే శక్తి ఉన్నది. మొలకెత్తిన రాగిజావ పల్చగానూ తియ్యగానూ ఉండడానికి కారణం అదే.

బరకగా మరబట్టిన మాల్టు 4 కిలోల 300 గ్రాములు, రంగుకు నల్లగా మాడ్చిన మాల్టు 30 గ్రాములు తీసుకొని 67 డిగ్రీల వేడి నిలిచేటట్లు నీళ్ళతో కలిపి, పాత కంబళి చుట్టి గంటన్నర ఉంచాడు. 75 దాటితే పిండిని చక్కెర చేసే శక్తి త్వరగా చచ్చిపోతుంది. 60కి దిగితే చక్కెర బాగా దిగుతుంది గాని ఒళ్ళు లేని పల్చని బీరవుతుంది. తరువాత అడుగు కుళాయి తిప్పి రసం దించుతూ, పైనుంచి వేడినీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరించాడు. అమ్మ వంగి చూసి, "ఇది కాఫీ డికాక్షన్ దించినట్టే ఉందే. మొదటిది చిక్కన, రెండోది పల్చన" అన్నది. నిజంగా అంతే. ఆ రసం వేడిగా ఉండగా అమ్మకు గరిటెడు ఇచ్చాడు. ఇంకా పులియలేదు గనుక అందులో మత్తు ఏమీ లేదు. అమ్మ కాసేపు చేతిలో పట్టుకొని, చివరకు నోట్లో పోసుకొంది. "బెల్లం తక్కువైన రాగిజావ" అని తీర్పు చెప్పింది.

అటుపై దాన్ని గంటన్నరసేపు మరిగించాడు. అందులో వేసేది హాప్స్ అనే పువ్వు. పొట్లతీగలాగ పందిరికి పాకే తీగకు పూస్తుంది. ఎండిస్తే లేత ఆకుపచ్చ రేకుల గుత్తిలా ఉంటుంది. ఫగుల్ రకం 35 గ్రాములు, గోల్డింగ్ రకం 30 గ్రాములు మొదట్లో వేస్తే చేదు దిగుతుంది. దించే ముందు స్టిరియన్ గోల్డింగ్ అనేది 30 గ్రాములు వేస్తే వాసన నిలుస్తుంది. బీరు చెడిపోకుండా కాపాడేది కూడా ఈ చేదే. ఉగాదినాడు వేపపువ్వు నాలుక మీద వేసుకొనే మనకు చేదు కొత్తది కాదు. మన వీధిలో కన్నడంవారు బేవు-బెల్ల పంచుకొన్నట్లే మనం పచ్చడి పంచుకొంటాము. చేదును తీపితో కలిపి మింగడం మనకూ తెలిసిన మర్యాదే.

రాగి గొట్టపు చుట్ట ముంచి దానిలో చన్నీళ్ళు పారించి రసాన్ని చల్లార్చాడు. ఇక్కడి నుంచి శుభ్రమే ప్రాణం. గరిటె, గొట్టం, పీపా అన్నీ మందునీళ్ళతో కడిగాడు. "ఆవకాయ జాడీకి తడిచేయి తగలనివ్వనట్టు" అని అమ్మ నాతో అన్నది. ఆ మాటలో కోపం కొంచెం తగ్గిందని నేను కనిపెట్టాను. తరువాత ఈస్టు చల్లాడు. మరునాటికి పాలు పొంగినట్లు మీగడలాంటి నురుగు పైకి లేచింది. చక్కెరను తిని ఈస్టు రెండు పదార్థాలు విడుస్తుంది: ఒకటి గ్యాసు, రెండోది మద్యం. శనివారం జావగా ఉన్నది ఆదివారానికి కల్లు వరుసలోకి పోయింది. ఆ రోజు నుంచి అమ్మ షెడ్డులోకి అడుగు పెట్టలేదు.

పాలవాడి లాక్టోమీటరు వంటి గాజుపుల్ల ఒకటి వాడి దగ్గర ఉన్నది. నీటిని 1000 అనుకొంటే తీపి రసం మొదటిరోజు 1042 చూపింది. 19 డిగ్రీల గదిలో ఎనిమిది రోజులు పులిసిన తరువాత 1010కి దిగింది. ఆ తేడానుబట్టి నూటికి 4.2 పాళ్ళు మద్యమని లెక్క. ల్యాండ్‌లార్డ్ 4.3. పీపాలోకి మార్చి, కొంచెం చక్కెర వేసి, మూతపెట్టి మూడు వారాలు తేరనిచ్చాడు.

నీటి సంగతి కూడా చెప్పాలి. బర్టన్ ఊరి బావుల్లో జిప్సం ఎక్కువ. ఆ గట్టినీటి వల్లనే అక్కడి పేల్ ఏల్‌కు చేదు స్ఫుటంగా వచ్చి పేరు వచ్చింది. ఇతర ఊళ్ళవారు జిప్సం కొని నీళ్ళలో కలుపుకొనేవారు, ఇప్పటికీ కలుపుకొంటారు. తమ్ముడూ చెంచాడు కలుపుతాడు. గింజ అదే, పువ్వు అదే, కొలత అదే అయినా నీరు మారితే రుచి మారుతుంది. మన ఊరి గోంగూర గింజలు తెచ్చి బెంగళూరు పెరట్లో వేసినవారికి ఈ ముక్క విప్పి చెప్పనక్కరలేదు.

ఈ వివరాలన్నీ వాడు ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టాడు. తేదీ, గింజ, పువ్వు, వేడి, గాజుపుల్ల చూపిన అంకె, అన్నీ గీతలు కొట్టిన గళ్ళలో. ఇరవైరెండేళ్ళుగా రిజిస్టర్లు వ్రాస్తున్న నాకు ఆ పుస్తకం చూసి ముచ్చట వేసింది. అమ్మకు చదివి వినిపించాను. అమ్మ అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎంత కాచాడో వ్రాశాడు. ఎంత తాగాడో ఎక్కడ వ్రాశాడు?"

నేను పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు. నాలుగేళ్ళ పుస్తకంలో జమ ఉన్నది గాని ఖర్చు లేదు.

తమ్ముణ్ణి పిలిచాము. వాడు మొదట చిన్నబుచ్చుకొన్నాడు. "నేను తాగుబోతునా అమ్మా? ఇది చేసే పనిలో ఉన్న ఆనందం కోసం చేస్తున్నాను" అన్నాడు. అమ్మ గొంతు పెంచలేదు. "మీ తాత కూడా తాగుబోతునని ఎన్నడూ చెప్పలేదు నాయనా. గని లోపల వేడికీ, దుమ్ముకీ అనేవాడు. ఎవరి కారణం వాళ్ళకు మంచిదే. నాకు కారణం వద్దు, లెక్క చెప్పు" అన్నది.

సరే, లెక్క నేనే కట్టాను. ఒక కాపుకు 23 లీటర్లు. అక్కడి కొలతలో సుమారు 40 పైంట్లు. పైంటంటే 568 మిల్లీలీటర్లు. బ్రిటిషు ప్రభుత్వపు వైద్యాధికారులు 2016లో ఒక హద్దు చెప్పారు: ఆడవారైనా మగవారైనా వారానికి 14 యూనిట్లు దాటకూడదు, అదీ ఒకటి రెండు రోజుల్లో కాక మూడు నాలుగు రోజులకు సర్దుకోవాలి. యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ మద్యం. 4.2 పాళ్ళ బీరు ఒక పైంటులో దగ్గర దగ్గర 2.4 యూనిట్లు ఉంటాయి. అంటే వారానికి ఆరు పైంట్లు కూడా నిండకముందే హద్దు వచ్చేస్తుంది. అది కూడా అపాయం లేని కొలత కాదు, అపాయం తక్కువైన కొలత మాత్రమేనని ఆ వైద్యులే చెప్పారు. ఒక్కడే తాగితే పీపా ఏడు వారాలకు ముందు ఖాళీ కాకూడదు. "నీ పీపా ఎన్నాళ్ళకు ఖాళీ అవుతుంది?" అని అడిగాను. "నలుగురూ వస్తారు... సరిగా చూడలేదన్నయ్యా" అన్నాడు. గాజుపుల్ల అంకెలు నాలుగేళ్ళ కిందటివి కూడా నోటికి చెప్పగలవాడు ఈ అంకె చెప్పలేకపోయాడు. వాడి మొహం చూస్తే అది వాడికే తట్టిందని తెలిసింది.

మేము బయలుదేరే ముందు ఆదివారం పీపా తెరిచాడు. పక్కింటి ముసలాయన వచ్చాడు. అరవై ఏళ్ళుగా ఆ ప్రాంతపు బిట్టరు రుచి తెలిసిన మనిషి. తమ్ముడు వీధి చివరి అంగడి నుంచి తెచ్చిన ల్యాండ్‌లార్డ్ ఒక గ్లాసులో, తనది ఒక గ్లాసులో పోసి ఏది ఏదో చెప్పకుండా ముందు పెట్టాడు. ఆయన రెండూ చప్పరించి, ఇది ల్యాండ్‌లార్డ్, ఇది కాదు అని వెంటనే తేల్చాడు. తమ్ముడి మొహం వాడింది. అయితే కానిదాన్నే ఆయన పూర్తిగా తాగి ఇంకొంచెం పోయమన్నాడు. నేనూ నాలుగు గుక్కలు రుచి చూశాను. మొదట మాల్టు తీపి, తరువాత ఎండుగడ్డి వాసన, మింగిన చాలాసేపటికి గొంతులో మిగిలే చేదు. నకలు అసలుకు సరిపోలేదు గాని చెయ్యి తిరిగినవాడి పని అని నాకే తెలిసింది. అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉన్నది, బయటికి రాలేదు.

పని ఎంత బాగున్నా మద్యం మద్యమే. గింజ ఏరి, వేడి కొలిచి, నాలుగు వారాలు ఓపికపట్టి చేసినంత మాత్రాన కాలేయం దాన్ని వేరే పద్దులో వ్రాసుకోదు. అయితే అన్నీ ఒకే అంగడి సరుకులనడానికి కూడా నాకు ఇప్పుడు నోరు రాదు. సారా అంగడికి వెళ్ళేవాడికి చేతిలో డబ్బుంటే చాలు. ఎదురుచూడడం లేదు, ఎవరితో పంచుకోవడం లేదు. ఇంట్లో కాచేవాడికి ప్రతి గ్లాసు వెనుకా ఒక రోజు చాకిరి కనబడుతుంది. ఆ కనబడడం కొందరికి పగ్గం కావచ్చు. కొందరికి అదే సాకు కావచ్చు. పగ్గమో సాకో తేల్చేది పుస్తకంలోని కుడివైపు గడి ఒక్కటే.

ఆ గడి ఇప్పుడు ఉన్నది. బయలుదేరే రోజున అమ్మ చూస్తుండగా తమ్ముడే స్కేలు పెట్టి గీశాడు. ఎనిమిది వారాల తరువాత ఆ పేజీ ఫొటో తీసి నా ఫోనుకు పంపాడు. తాను 19, పక్కింటాయన 8, స్నేహితులు 10, అడుగు మడ్డి 3. వెరసి 40. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని వేలితో కూడి, "సరిపోయింది" అన్నది. ఇష్టపడి అన్న మాట కాదది. కొడుకు నేర్చిన విద్యను ఆమె ఈనాటికీ మెచ్చుకోలేదు, మెచ్చుకొంటుందని నేనూ అనుకోవడం లేదు. ఆమెకు కావలసింది ఏ సాయంకాలమూ ఎవరూ దారిలో నిలబడి చేయి పట్టుకొని తీసుకురానక్కరలేని కొడుకు. ఆ ఒక్క విషయమూ తెలుసుకోవడానికి ఆమె అడిగింది ఒకే గడి. దేశాంతరంలో ఉన్న పిల్లలను ఏమడగాలో తోచని తలిదండ్రులకు పనికి వస్తుందేమోనని ఆ గడి సంగతి ఇక్కడ వ్రాశాను.